రెండు ముక్కల జాలీ

నవంబరు 6, గురువారం

గ్రిల్లు జాలీకి నడుమ ఇంకో ఊచ తెగింది. మధ్యలో నా అరచెయ్యి పట్టేంత ఖాళీ అయింది. కట్టుడు తీగ అడ్డంగా చుట్టాను. బొగ్గులు రాజుకుంటే ఆ తీగ కూడా ఎర్రబడుతుంది. ఎన్నాళ్ళు ఆగుతుందో.

కార్తీకం కాబట్టి సరిపోయింది. ఈ నెల్లాళ్ళూ గజపతినగరంలో మాంసం ముట్టేవాళ్ళు తక్కువ. సాయంత్రం లారీల వాళ్ళు కొందరు ఆగుతారు, అంతే. పోలిపాడ్యమి దాటిందంటే రోడ్డు పక్కన మా బండి ముందు జనం నిలబడతారు. అప్పుడు ఈ జాలీతో అవదు.

డ్రమ్ముని సగానికి కోసి చేసిన గ్రిల్లు మాది. ముందు మా ఆయన నిలబడతారు, వెనక నేను. ఎక్కడ ఊచ వంగిందో, ఎక్కడ తెగిందో నాకు చూడకుండానే తెలుసు. రూప్‌చంద్ చేపలని ఖాళీలు తప్పించి పరుస్తాను. ఆయన పరిస్తే బొగ్గుల్లో పడిపోతాయి. చేపని వేశాక కదపకూడదు కూడా. బాగా కాలితే అదే జాలీని వదులుతుంది. ముందే లాగితే తోలు జాలీకే ఉండిపోతుంది. ఆయనకి అంత ఓపిక లేదు. కానీ తినడానికి వచ్చినవాళ్ళతో, "మా ఇంటిదాని సేతిలో ఏదో ఉందండి" అంటారు. నాకు బాగుంటుంది ఆ మాట.

అమ్మ ఫోన్ చేసింది. గర్భసంచి ఆపరేషన్‌కి ఇరవై నాలుగున, సోమవారం, శ్రీకాకుళం రమ్మన్నారట. ఆ తర్వాత చాలా రోజులు బరువు ఎత్తకూడదట. నాన్న చెన్నైలో బిల్డింగు పనిలో ఉన్నాడు, మేస్త్రీ ఇప్పట్లో వదలడు. కోటబొమ్మాళిలో అమ్మ ఒక్కతే. వీధి కుళాయి ఎక్కడో చివర ఉంది.

అత్తయ్యని అడిగాను.

"నేనెల్లొద్దన్నానేటి? జాలీ రానీ. కొత్త జాలీ అయితే ఎవులైనా కాల్సుకుంటారు. అప్పుడెల్దువు గాని" అంది.

న్యాయంగానే చెప్పింది. ఈ పాతది నాకు తప్ప ఎవరికీ లొంగదు కదా. ఇంకా చాలా రోజులుంది. జాలీ వచ్చాక వెళ్తాను.

మణికట్టు మీద చిన్న బొబ్బ. పెద్దదేం కాదు.

నవంబరు 7

ఈ రోజు ఎవరూ జాలీ మాట ఎత్తలేదు.

నవంబరు 9, ఆదివారం

బేరం లేదు. అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని జాలీ సంగతి మాట్లాడుకున్నారు. నేను తలుపు ఇవతల బియ్యం ఏరుతూ విన్నాను.

ఆయనకి పోత ఇనుముది కావాలి. ఫోన్లో చూశారు. దాని మీద కాలిస్తే కోడి మీద నల్లగా చారలు పడతాయట, జనం ఫొటోలు తీసుకుంటారట. అత్తయ్యకి అదంతా దండగ. స్లాబు వేసినప్పుడు మిగిలిన ఊచలున్నాయి, వెల్డింగు గంగులు చేత అతికించెయ్యమంది. ఇప్పుడున్నదీ గంగులు అతికించిందే. ఆ అతుకుల దగ్గరే తెగుతోంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఊచకీ ఊచకీ మధ్య నా చిటికెన వేలు పట్టేంత ఉండాలని, ఎక్కువైతే ముక్కలు జారతాయని, తక్కువైతే కొవ్వు నిలిచి మంట లేస్తుందని కూడా చెప్పాలనిపించింది. నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్తాను, అరుగు మీద బావగారు ఉన్నారు.

తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదుట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. మా పుట్టింటి వైపు ఇంత లేదు. ఈ ఇంట్లో గట్టి పట్టింపు. అత్తయ్య తన బావగారు పోయిన రోజు కూడా ఆ శవం ఎదుట ముసుగు తియ్యలేదట, గొప్పగా చెప్తుంది. బావగారు పక్క వాటాలోనే ఉంటారు. పొలం పనులన్నీ ఆయనే చూస్తారు. పెళ్ళయి రెండేళ్ళయింది. ఆయన గొంతు నాకు తెలుసు, నా గొంతు ఆయనకి తెలీదు. దొడ్లోకి వచ్చే ముందు ఆయన దగ్గుతారు. నేను గోడవైపు తిరుగుతాను.

బావగారు మంగళవారం విజయనగరం వెళ్తారట. అక్కడ హోటలు సామాన్ల కొట్లో పోత జాలీ చూసి తెస్తానన్నారు. అత్తయ్య నన్ను కొలత తియ్యమంది. ఇంట్లో టేపు లేదు, గంగులు పట్టుకెళ్ళి మళ్ళీ తేలేదు. జానతో కొలిచాను. పొడవు నాలుగు జానలు, వెడల్పు రెండు జానలూ ఒక బెత్తా. అత్తయ్యకి చెప్పాను. అత్తయ్య అరుగు మీదికి వెళ్ళి బావగారికి చెప్పింది. తలుపు సందులోంచి చూశాను. బావగారు తన చెయ్యి చాపి, వేళ్ళు విప్పి, ఒకసారి చూసుకుని తలూపారు.

మంగళవారం వచ్చేస్తుంది. అమ్మకి చెప్పాలి.

నవంబరు 12, బుధవారం

జాలీ వచ్చింది. పట్టలేదు.

బావగారు గోనెసంచిలో చుట్టి తెచ్చి దొడ్లో పెట్టి వెళ్ళిపోయారు. నేనూ మా ఆయనా చెరోవైపు పట్టుకుంటేగాని లేవలేదు. నల్లగా, నున్నగా, చూడ్డానికి చాలా బాగుంది. డ్రమ్ము మీద పెడితే అటూ ఇటూ బయటికి వచ్చేసింది. బావగారి నాలుగు జానలు నా చేతికి అయిదు దాటిపోయాయి. ఆయన వేళ్ళు ఎంత పొడవో నిన్నగాక మొన్న తలుపు సందులోంచి చూశాను కూడా. అప్పుడు తోచలేదు. తోచినా ఒకటే.

అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "కొలత తియ్యమంటే ఎవులి జానో సెప్పొద్దేటే? ఆడు మొగోడు, ఆడి సెయ్యి నీ సెయ్యంత ఉంటాదేటి?"

మా ఆయన మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు. కంచం విసిరారు గాని నా మీదికి కాదు, గోడ మీదికి. అన్నం ఎత్తేశాను. ఎవరికైనా కోపం రాదా, బేరాలు దగ్గర పడుతున్నాయి.

నవంబరు 14

గంగులు వచ్చి జాలీ మీద గోరుతో కొట్టి చూశాడు. "ఇది పోత ఇనుము తాయారమ్మా. కోస్తే బిస్కట్టులా ఇరిగిపోతాది" అని అత్తయ్యతో చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. టేపు తేలేదు.

కొట్టువాళ్ళు మార్చి ఇస్తారట. కానీ బావగారికి వరి కోతలు మొదలయ్యాయి. కోతలయ్యాక వెళ్తారు.

నవంబరు 15

అమ్మతో మాట్లాడాను. ఫోన్ ఆయనది, స్పీకరులో పెట్టి పక్కనే నిలబడ్డారు. అమ్మ బాగున్నావా అంది. బాగున్నానన్నాను. వస్తావా అంది. జాలీ రాగానే వస్తానన్నాను. జాలీ ఏమిటని అడిగింది పాపం. ఆయన చెయ్యి చాపారు, ఫోన్ ఇచ్చేశాను.

చాలా రోజులకి అమ్మతో బాగా మాట్లాడాను.

నవంబరు 17

జాలీ మార్చలేదు. కోతలు.

నవంబరు 18, మంగళవారం

దొడ్లో ఉన్న పోత జాలీకి మంచుకి తుప్పు చుక్కలు లేచాయి. ఆయన చూసి, ఫోన్లో ఏదో విని వచ్చి చెప్పారు. పోత ఇనుము జాలీకి రోజూ పని అయ్యాక, వేడి మీదే, గుడ్డతో నూనె పట్టించాలట. ఒక్క రోజు మానినా తుప్పేనట. సబ్బు తగలకూడదట. అత్తయ్య, "అంత సాకిరీ ఎవులు సేస్తారు?" అంది. ఆయన, "శైలజ ఉంది గదా" అన్నారు.

బండి సర్దేటప్పుడు దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి. రోజూ నూనె రాయడానికి ఒకరు కావాలి. బొగ్గు బస్తా మీద కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాను. పాత జాలీ ఎవరికీ లొంగదని నేను ఉండాలి. కొత్తది వచ్చాక దాన్ని చూసుకోవడానికి నేను ఉండాలి.

అలా ఏం కాదు. అత్తయ్య మాట ఇచ్చింది. జాలీ వచ్చాక వెళ్తాను.

నవంబరు 21, శుక్రవారం. పోలిపాడ్యమి

తెల్లవారుతూనే అత్తయ్యా నేనూ అరటిదొప్పల్లో దీపాలు వదిలాం. నా దొప్ప నీళ్ళలో ముందుకు వెళ్ళకుండా మెట్టు దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది. అత్తయ్య చేత్తో నీళ్ళు తోసింది.

సాయంత్రం జనం వచ్చేశారు. నెల్లాళ్ళ ఆకలి అంతా ఒక్కసారే తీర్చుకుందామని వచ్చినట్టున్నారు. రెండో వాయికే కట్టుడు తీగ తెగింది. రెండు చేపలు బొగ్గుల్లో పడ్డాయి, కొవ్వుకి మంట లేచింది. పట్టకారుతో తియ్యబోతే ముంజెయ్యి కాలింది. ఆయన అందరి ముందూ, "మీ అమ్మ గర్భసంచి మీదుంది దీని బుర్ర" అన్నారు. ఎవరో నవ్వారు.

నవంబరు 22

మందు ఆయనే తెచ్చారు. ఆయనే రాశారు కూడా. నిన్నటి మాట గుర్తు పెట్టుకోవద్దన్నారు. నేను గుర్తు పెట్టుకోలేదు. ఈ ఆదివారం ఒక్కటీ గట్టెక్కించమన్నారు. సోమవారం సంగతి అడిగాను.

"జాలీ రానేదు గదా. ఎలాగెల్తావు?"

నిజమే. జాలీ రాలేదు.

నవంబరు 23

చాలా బేరం. నిలబడే ఉన్నాను.

నవంబరు 24, సోమవారం

అమ్మకి ఈ రోజే. కోడికాళ్ళకి గాట్లు పెట్టాను. మసాలా పట్టించాను. నిమ్మకాయలు కోశాను.

నవంబరు 25, మంగళవారం

లక్ష్మణమ్మ ఫోన్ చేసింది. అమ్మ పక్కింటావిడ, నా చిన్నప్పుడు నాకు జడలు వేసేది. ఆపరేషన్ బాగానే అయిందట. అమ్మని గురువారం ఇంటికి పంపించేస్తారట. అమ్మ మగత లోంచి లేచి, శైలుకి జాలీ దొరికిందా అని అడిగిందట.

లక్ష్మణమ్మ మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి, ఈ రోజు ఇంకా గట్టిగా మాట్లాడింది. స్పీకరులో ఉందని ఆమెకి తెలుసనుకుంటాను. "నేను సుక్రవారం మా కూతురింటికి ఎల్లాల. టికెట్లయిపోయాయి. ఆ తరవాత దానికి బిందెడు నీలు ఎవులు తెచ్చి పోస్తారు? కుట్లు పిగిలితే ఎవులికి సెప్పుకోవాల? ఒక్కగానొక్క కూతురివి, నువ్వు రావేటే?"

ఆయన ఫోన్ తీసుకుని, చూస్తామండి అని పెట్టేశారు.

అత్తయ్య, అమ్మ ఇంటికి కుళాయి వేయించుకోలేదా అని అడిగింది. లేదన్నాను. అయితే చిన్న చెంబుతో తెచ్చుకోవచ్చు కదా అంది. మళ్ళీ తనే, "ముందు ఆ దిక్కుమాలిన జాలీ సంగతి తేలితే గదా" అంది. కోతలు అయిపోయాయి. గురువారం బావగారు మళ్ళీ వెళ్తారు. కానీ కొలత ఎలా చెప్పాలన్నది ఇంటిల్లిపాదీ తేల్చలేకపోయారు. పుల్లకి గాటు పెట్టి ఇద్దామన్నారు ఆయన. మసాలాల పని మానుకుని పుల్లలు చెక్కుకుంటూ కూర్చోమంటారేటి అని అత్తయ్య మండిపడింది. ఆయన బండి వదలరు. అత్తయ్యకి మోకాళ్ళు.

చివరికి అత్తయ్యే నావైపు తిరిగి అంది. "నీ జాన నువ్వే పట్టుకెల్లు."

నవంబరు 26, బుధవారం

అత్తయ్య బీరువాలోంచి నా ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. ఆడవాళ్ళకి బస్సులో టికెట్టు డబ్బులు లేవు కదా, అది చూపిస్తే చాలు. "తిరిగొచ్చాక నా సేతికియ్యి" అంది. పెళ్ళయ్యాక దాన్ని మళ్ళీ ఇప్పుడే చూశాను. ఫొటోలో నేను ఎనిమిదో క్లాసు మానేసిన ఏడాది ఉన్నట్టే ఉన్నాను. అప్పుడు కళ్ళు పెద్దగా ఉండేవి.

బస్సులో బావగారు వెనక కూర్చుంటారు, నేను ముందు. కొట్లో బావగారు మాట్లాడతారు, నేను జాన పెట్టి చూపిస్తాను. పోత ఇనుముదే, చిన్నది తేవాలి. మా ఆయన రెండుసార్లు చెప్పారు.

సంచిలో ఒక చీర, జాకెట్టు పెట్టాను. జాలీ మసి అంటితే మార్చుకోవడానికి.

నవంబరు 28, శుక్రవారం. కోటబొమ్మాళి

అమ్మ పడుకుంది. రెండు బిందెలు తెచ్చి పెట్టాను. ఇప్పుడు నిన్నటిది రాస్తాను, వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదిరేట్టు లేదు.

విజయనగరం దాకా అనుకున్నట్టే అయింది. బావగారు గోనెసంచిలో పెద్ద జాలీని కాళ్ళ దగ్గర పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. దిగాక ఆయన ముందు నడిచారు. ఆయన మెడ వెనక ఎండకి కమిలిన నలుపు చూసుకుంటూ నేను వెనక నడిచాను. ఆయనకి ఆ జాలీ మొయ్యడం కష్టంగానే ఉంది. రెండుసార్లు దింపి భుజం మార్చుకున్నారు. దింపినప్పుడల్లా నేనూ ఆగి, కొట్ల బోర్డులు చదివాను.

గంటస్తంభం దగ్గర సందులో కొట్టు. లోపలంతా గుండిగలు, బాణళ్ళు, దోసె పెనాలు. కొట్టతని పేరు ఎల్లాజీ. నవ్వే మనిషి. పెద్ద జాలీ తిరగేసి తుప్పు చుక్కలు చూసి, మూతి విరిచి, మళ్ళీ నవ్వి, సరే మారుస్తానన్నాడు. మూడు రకాలు తీసి కింద పరిచాడు. ఒకటి సన్నటి తీగల అల్లిక, పైన మెరుపు పూత. చేత్తో నొక్కితే వంగింది, పూత పెచ్చులా లేస్తోంది. అది చూడగానే వద్దనుకున్నాను. రెండోది పోత ఇనుము, ఒకే పలక. మూడోది స్టీలు ఊచలది, రెండు ముక్కలు. పక్కపక్కన పెడితే ఒకటవుతుంది.

బావగారు గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డారు. నేను కూర్చుని పోత జాలీ మీద జాన పెట్టాను. నాలుగు. వెడల్పు రెండూ, ఒక బెత్తా. సరిగ్గా ఉంది. ఊరికే స్టీలుది కూడా కొలిచాను. అదీ సరిపోయింది. ఊచల మధ్య చిటికెన వేలు పెట్టాను. పట్టింది. ఒక ముక్కని ఒంటి చేత్తో ఎత్తాను. లేచింది.

ఎల్లాజీ నన్నూ బావగారినీ మార్చి మార్చి చూశాడు. "ఏటండీ, అమ్మగారు మాటాడరా? జానే మాటాడతాదా?" అన్నాడు.

బావగారు దగ్గారు. "పోతది సరిపోతే అదిచ్చీ. తమ్ముడదే సెప్పాడు."

ఎల్లాజీ పోత జాలీని గోనెలో చుట్టడం మొదలుపెట్టాడు. తాడు వేసి ముడి బిగిస్తున్నాడు. నేను స్టీలు ముక్కని ఇంకా దింపలేదు. అమ్మ బిందె గుర్తొచ్చింది. నాకు మరేం గుర్తు రాలేదు. ఎల్లాజీకి వినబడేలా నెమ్మదిగా, అది వద్దండి అన్నాను. వెనక ఎవరో గుండిగలు దొర్లిస్తున్నారు, అతనికి వినబడలేదు. రెండో ముడి వేశాడు.

"అది వద్దు బావగారూ" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. సందులో అంతా ఆగిపోతుందనుకున్నాను. ఏం ఆగలేదు. గుండిగలు దొర్లుతూనే ఉన్నాయి.

"స్టీలుది తీసుకోండి. రెండు ముక్కలది. ఒక్క మనిషే ఎత్తుకోవచ్చు. దీనికి నూనె రాయక్కర్లేదు, నేను నేకపోయినా పరవానేదు."

బావగారు నావైపు తిరగలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన గుమ్మం వైపే చూస్తూ ఎల్లాజీతో, "సారలు పడతాయా అడుగు" అన్నారు.

"నన్నడగమంటారేటండీ? ఎదురుగానే ఉంది గదా మనిషి" అన్నాడు ఎల్లాజీ. కానీ మంచివాడే, నావైపు తిరిగి మర్యాదగా అడిగాడు. పడతాయన్నాను, జాలీని ముందు బాగా కాలనిచ్చి అప్పుడు వెయ్యాలన్నాను. అతను ఆ మాట తీసుకెళ్ళి రెండడుగుల దూరంలో ఉన్న బావగారికి చెప్పాడు. బావగారు, "అయితే అదే కట్టు" అన్నారు. స్టీలు ముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. ఎల్లాజీ వచ్చి దాన్ని నెమ్మదిగా తీసుకున్నాడు.

బస్సుల కాంప్లెక్సుకి వచ్చేసరికి సాలూరు బస్సు ఇంకా రాలేదు. మేం ఎక్కాల్సింది దాన్లోనే, గజపతినగరంలో ఆగుతుంది. దాని పక్క ప్లాట్‌ఫారంలో శ్రీకాకుళం బస్సు ఇంజను వేసి ఉంది. కండక్టరు ఊరు పేరు పిలుస్తున్నాడు. నేను ఆ బస్సువైపు నడిచాను. ముందే అనుకున్నానా అంటే అనుకోలేదు. చీర మసికని పెట్టాను. ఈ డైరీ సంచిలోకి ఎలా వచ్చిందో తెలీదు.

బావగారు వెనక వచ్చారు. ఆయన అడుగులు తెలుస్తూనే ఉన్నాయి. నేను మెట్టు ఎక్కాను. అదే ఆయన తమ్ముడైతే రెక్క పట్టుకుని లాగేవారు. అత్తయ్యైతే కొంగు పట్టుకునేది. బావగారు నన్ను ముట్టుకోకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. నా మొహంలోకి చూసి వద్దనకూడదు. మెట్టు మీద నిలబడ్డాక ఇదంతా నాకు అర్థమైంది. ముందు సీట్లో కూర్చుండిపోయాను.

ఆయన కిటికీ కింద నిలబడ్డారు. భుజం మీద జాలీ ముక్కలు తాడుతో కట్టి ఉన్నాయి. బస్సు టైరుని చూస్తూ అడిగారు.

"ఇంటికాడ అమ్మకేటి సెప్పాల?"

నేను కిటికీ ఊచని పట్టుకుని దానికే చెప్పాను. "మా అమ్మ బరువెత్తుకునేదాకా ఉంటాననీసి సెప్పండి."

ఆయన నెత్తి గోక్కున్నారు. "పృథ్వీ నా మీద పడతాడు" అన్నారు, టైరుతోనే. నిజమే, మా ఆయన పడతారు. పాపం అనిపించింది, దిగిపోదామా అనిపించింది. ఆ మాట రాయకుండా ఉండలేను. చెయ్యి సీటు కమ్మీ మీద వేశాను కూడా. అప్పుడే ఆయన అడిగారు.

"సేపకేటి, ఎలాగెయ్యాల?"

జాలీ ముందు ఖాళీగా కాలాలన్నాను. నూనె జాలీకి కాదు, చేపకి రాయాలన్నాను. వేశాక ముట్టుకోకూడదన్నాను. ఆయన పెదాలు కదుపుతూ ఒకసారి మనసులో చెప్పుకున్నారు. తర్వాత కండక్టరు దగ్గరికి వెళ్ళారు.

"శ్రీకాకుళంలో దిగాక టెక్కలి బస్సు ఎక్కించండి బాబూ. కోటబొమ్మాళిలో దిగుతాది. మా మనిషే, ఒక్కతే ఎల్తంది."

కండక్టరు ఆధార్ అడిగాడు. చూపించాను. టికెట్టు మీద సున్నా కొట్టి ఇచ్చాడు. దాన్ని ఇక్కడ ఈ పేజీలో పెట్టాను.

చీకటి పడకుండానే ఇల్లు చేరాను. అమ్మ మంచం మీంచి లేవబోతే లక్ష్మణమ్మ తిట్టింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, ఒళ్ళంతా పొగ వాసనేనే నీకు అంది. ముంజెయ్యి చూసింది.

నవంబరు 29

లక్ష్మణమ్మ ఫోన్ ఇచ్చి వెళ్ళింది, కూతురింట్లో ఇంకోటి ఉందట. ఆయన పొద్దున్నుంచి చేస్తూనే ఉన్నారు. నాలుగోసారి ఎత్తాను. అరిచారు. విన్నాను. ఆధార్ కార్డు ఏదని వెనకనుంచి అత్తయ్య అడిగింది. నా దగ్గరే ఉందన్నాను. బావగారిని ఇంట్లో ఎవరూ పలకరించడం లేదట.

నేను చేసింది తప్పేనేమో. మధ్యాహ్నం అమ్మ తల దువ్వాను. ఉన్న నాలుగు వెంట్రుకలకీ ఇంత సేపా అని నవ్వబోయి, కుట్లు లాగి పొట్ట పట్టుకుంది.

నవంబరు 30, ఆదివారం

సాయంత్రం కుళాయి దగ్గర బిందె పెట్టి కూర్చున్నాను. నీళ్ళు సన్నగా వస్తున్నాయి. ఆయన ఫోన్ చేశారు. ఈసారి అరవలేదు. వెనకాల జనం మాటలు, రోడ్డు మీద లారీల హారన్లు వినిపిస్తున్నాయి. కోడి బాగానే కాలుతోందట, చారలు కూడా పడుతున్నాయట. చేపలే అవడం లేదట. మూడు పాడైపోయాయట.

"తోలు జాలీకే ఉండిపోతన్నాది" అన్నారు. "జాలీలోనే ఏదో ఉంది. పోతదే తెమ్మన్నాను నేను."

ముందే లాగేస్తున్నారని చెప్పాను. కాలాక అదే వదులుతుంది, అంతవరకు ముట్టుకోవద్దన్నాను. అన్నయ్య కూడా అదే చెప్పాడని గొణిగారు. ఇంకోటి వేశారు. చెవిలో చుయ్యిమంది. బొగ్గుల చిటపట కూడా తెలిసింది. నాకు ఆ వాసన వచ్చినట్టే అనిపించి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. సబ్బు వాసనే.

"ఎప్పుడొస్తావు?" అని మధ్యలో అడిగారు.

అమ్మ బిందె ఎత్తాక అన్నాను. కాసేపు ఇద్దరం చేప కాలడం విన్నాం.

"ఇప్పుడు తిప్పీనా?"

"ఇంకా వద్దు."

కొంచెంసేపు ఆగి మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నాను. ఎవరో పార్సెల్ అని పిలుస్తున్నారు, ఆయన పలకడం లేదు. పట్టకారు పట్టుకుని జాలీ మీదికి వంగి నిలబడ్డట్టున్నారు.

మూడోసారి అడిగేసరికి నా బిందె నిండి పొర్లుతోంది. ఫోన్ రాతి మీద పెట్టి, కుళాయి కట్టెయ్యడానికి లేచాను.